పుట్టిల్లే అత్తిల్లు

నా పెళ్ళి రోజున నేను చేసిన ప్రయాణం చాలా చిన్నది. మహేంద్రమంగళంలో మా ఇంటి వెనక గదిలో నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. ఇంటి ముందు వేసిన పందిట్లో తాళి కట్టించారు. సాయంత్రం అదే ఇంటి గడప దగ్గర నిలబెట్టి, కుడికాలు పెట్టి లోపలికి రమ్మన్నారు. పిలిచింది మా అమ్మ. హారతి పట్టిందీ మా అమ్మే. ఎందుకంటే నేను పెళ్ళి చేసుకున్నది అమ్మ సొంత తమ్ముణ్ణి, నా మేనమామను. పొద్దున్నదాకా అమ్మగా మాత్రమే ఉన్న మనిషి ఆ సాయంత్రం నుంచి నాకు ఆడబిడ్డ కూడా అయింది. అప్పగింతలు జరిగాయి కానీ ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి నేను ఎక్కడికి పోతున్నానని?

మావాళ్ళు కొన్ని వందల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి తమిళనాట ఈ ధర్మపురి సీమకు వచ్చారని పెద్దలు చెప్పేవారు. ఏ ఊరి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. వీధిలోకి అడుగు పెడితే తమిళం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. ఆ భాషతో పాటు ఇంకొకటి కూడా ఇంట్లో గట్టిగా నిలిచిపోయింది. పిల్లను సొంతంలోనే ఇవ్వాలి. సొంతం అంటే మా దగ్గర బంధువులు. మా అవ్వను ఆమె మేనమామకే ఇచ్చారు. ఆమె అమ్మనూ అంతేనట. కొత్త నేలకు వచ్చిన మనుషులు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా పట్టుకున్నట్టు, మా ఆడవాళ్ళు ఒక ఇంటి నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి మళ్ళీ ఈ ఇంటికి తిరుగుతూ వచ్చారు.

ఆ వరసలో బయటికి పోయింది మా అమ్మ ఒక్కతే. ఆమెకు వయసుకు తగిన మేనమామ లేడు. ఉన్న బావకు అప్పటికే పెళ్ళయింది. అందుకని ఏరియూరులో, మాకేమీ కాని ఒక తెలుగు ఇంటికి ఇచ్చారు. మా నాయన మంచివాడే. బెల్లం వ్యాపారానికి చిత్తూరు వైపు తిరిగేవాడు. అక్కడ నేర్చుకున్న తెలుగు అక్షరాలను ఇంటి అరుగు మీద బొగ్గుతో రాసి నాకు దిద్దించాడు. మా ఇంట్లో ఆయన తర్వాత తెలుగు చదవడం, రాయడం వచ్చింది నాకొక్కదానికే. నేను బడిలో పెద్ద తరగతికి రాకముందే నాయన కామెర్లతో పోయాడు. తమ్ముడు అప్పటికి చంటిపిల్లాడు. కర్మకాండలు ముగిశాయో లేదో, ఏరియూరు వాళ్ళు అమ్మను పిలిచి, మీ వాళ్ళ దగ్గరికి పో అన్నారు. అమ్మ ఎందుకని అడగలేదు. తమ్ముణ్ణి చంకన వేసుకుని, నన్ను చేత్తో పట్టుకుని బస్సెక్కింది.

ధర్మపురి బస్టాండులో మా మామ నిలబడి ఉన్నాడు. ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రవాడు. అమ్మ చేతిలోని సంచి తీసుకుని, "అక్కా, ఇల్లు నీదే. నేనుండేదాకా నువ్వేమీ దిగులు పడవద్దు" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. మమ్మల్ని పెంచాడు, చదివించాడు, తమ్ముడికి జ్వరం వస్తే భుజాన వేసుకుని పాలక్కోడు ఆసుపత్రి దాకా నడిచాడు. తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.

నేను ప్లస్ టూ పాసయ్యాక టీచరు ట్రైనింగు చదువుతానన్నాను. ధర్మపురిలో హాస్టలు కూడా ఉందని తెలుసుకుని వచ్చాను. అమ్మ రాగులు చెరుగుతూ ఉంది. చేట ఆపి నా వైపు చూసింది.

"మీ మామ మనకు ఇల్లు ఇచ్చినాడు. మనము వానికి ఏమిచ్చినాము?" అంది.

నేను ఆమె చేతిలోని చేట తీసుకుని రాగులు చెరిగాను. ట్రైనింగుకు పోలేదు.

మామ నన్ను బలవంతం చేయలేదు. నన్ను అడగనూ లేదు. ఆయననూ ఎవరూ అడిగి ఉండరు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి పక్కన కూర్చున్నప్పుడు నాకు భయం వేయలేదు, సంతోషమూ వేయలేదు. ఏదో మొహమాటంగా అనిపించింది. పెళ్ళయ్యాక కూడా మామా అనే పిలిచాను. ఇప్పటికీ అలాగే పిలుస్తాను.

మా వీధిలో ఆడవాళ్ళకు మొగుడితో గొడవ అయితే సంచి సర్దుకుని పుట్టింటికి పోయేవారు. నాలుగు రోజులు పోయాక తండ్రో అన్నో వెంటబెట్టుకుని వచ్చి, అల్లుడికి రెండు మాటలు చెప్పి దించిపోయేవారు. వాళ్ళను చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది. ఒకసారి ఎండలో తోట నుంచి వచ్చిన మామ, కూరలో ఉప్పు ఎక్కువైందని కంచం తోసి, నేను ఎదురు మాట్లాడానని చెయ్యెత్తాడు. ఆ రోజు నేనూ రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. తీరా సర్దుకున్నాక నడి గదిలోంచి వెనక గదిలోకి పోయి కూర్చున్నాను. నా పుట్టిల్లు అదే మరి. కాసేపటికి అమ్మ కంచంలో సంగటి ముద్ద, పులుసు పెట్టుకుని వచ్చింది. నా పక్కన కూర్చుంటుందనుకున్నాను. నిలబడే అంది:

"వాడు ఎండలో మాడి వచ్చినాడు. నువ్వెందుకు నోరు చేసినావు? తినేసి ముందరికి పో."

నేను తినేసి ముందరికి పోయాను.

మా మొదటి బిడ్డ మగపిల్లాడు. తెల్లగా, పెద్ద కళ్ళతో పుట్టాడు. పిల్లలు మెడ నిలిపే వయసు వచ్చినా వాడికి మెడ నిలవలేదు. పాలు తాగడానికి కూడా అలసిపోయేవాడు. ధర్మపురిలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఒక లేడీ డాక్టరు వాడి కాళ్ళూ చేతులూ కదిపి చూసి, తల ఎత్తకుండానే తమిళంలో అడిగింది, "సొందత్తిలే కల్యాణమా?" అని, అంటే సొంతంలో పెళ్ళా అని. మామ అవునన్నాడు. ఏం వరస అని అడిగింది. చెప్పాం. ఆమె పెన్ను కింద పెట్టింది. ఒకే రక్తంలో దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచీ కలిస్తే ఇలా బయటపడుతుందని, అందరు పిల్లలకూ రాకపోవచ్చునని, వస్తే చేయగలిగింది తక్కువని నెమ్మదిగా చెప్పింది. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. తిరుగు బస్సులో బిడ్డ మామ ఒళ్ళోనే ఉన్నాడు. పాలక్కోడు దాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. ఆ రోజూ, ఆ తర్వాతా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఏడాది నిండకుండానే బిడ్డ పోయాడు. ఇంట్లో అందరూ దిష్టి అన్నారు.

తర్వాత కూతురు పుట్టింది. నేను కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఎలా గడిపానో చెప్పలేను. పుట్టాక దాని మెడ నిలిచేదాకా నాకు అన్నం సయించలేదు. అది చక్కగా మెడ నిలిపింది, పాకింది, పరిగెత్తింది. దాన్ని పరిగెత్తించింది మా తమ్ముడే. ట్రాక్టరు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. బావిలో ఈత నేర్పాడు. సైకిలు వెనక పట్టుకుని వీధి చివరిదాకా ఉరికేవాడు. వాడు దాన్ని పాపా అనేవాడు, అది వాణ్ణి మామా అనేది. వాళ్ళిద్దర్నీ చూసి అమ్మ వేళాకోళం ఆడేది, "అదో చూడు, నీ మొగుడు వస్తాండాడు" అని. చిన్నప్పుడు అది కిలకిలా నవ్వేది. ఏడో తరగతిలో ఒక రోజు నవ్వలేదు. లేచి లోపలికి పోయింది. అమ్మ గమనించలేదు. నేను గమనించాను.

కూతురు సేలంలో చదువుకుని బెంగుళూరులో ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరింది. తమ్ముడు తోటలోనే ఉండిపోయాడు. తక్కాళి వేస్తాడు, అంటే టమాటా. బీన్స్ వేస్తాడు. పనిమంతుడు, చెడు అలవాటు ఒక్కటీ లేదు. కానీ ఇప్పుడు మా వైపు తోట పని చేసేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరు. ఎన్ని ఇళ్ళకు పోయి చూశామో. ధర్మపురిలో ఒక ఇంట్లో పెళ్ళికూతురే కాఫీ ఇచ్చి, కూర్చుని, తమ్ముణ్ణి సూటిగా అడిగింది, టౌనుకు మారతారా అని. వీడు అమాయకంగా, "మారిపోతే చెట్లను ఎవరు చూస్తారండీ?" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది, మంచి నవ్వే. రెండు రోజులకు వద్దని కబురు వచ్చింది. క్రమంగా వాడికి ముందు జుట్టు పలచబడింది. పెళ్ళిళ్ళకు రావడం మానేశాడు. గడ్డం గీసుకోవడం కూడా అమ్మ చెబితేనే.

ఒక మధ్యాహ్నం అమ్మా, నేనూ, మామా షెడ్డు కింద కూర్చుని కాయలు ఏరుతున్నాం. పండినవి ఒక బుట్టలో, దోరవి ఒక బుట్టలో. అమ్మ చేతులు ఆపకుండానే అంది:

"బయట ఎందుకు వెతికేది? ఇంట్లో పిల్ల ఉండాది గదా."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"అమ్మా, అది చదువుకునింది. ఉద్యోగం చేస్తాండాది. వయసు తేడా ఎంతుండాది?"

"నీకూ మీ మామకూ లేదా తేడా? నువ్వేమి చెడిపోయినావు?"

మామ నా ఎదురుగానే ఉన్నాడు. నేను ఆయన వైపు చూస్తూనే, ఇన్నేళ్ళూ మేమిద్దరం మింగి ఉంచుకున్న మాట చెప్పాను. "అమ్మా, మా పిల్లోడు దిష్టి తగిలి పోలేదు. సొంతంలో పెళ్ళి చేసుకున్నందుకే అట్లయిందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ అదే వద్దు." బుట్ట పక్కకు జరిపాను. "మామా, నువ్వూ విన్నావు గదా. నువ్వు చెప్పు."

మామ తల దించుకునే ఉన్నాడు. చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి చూసి బుట్టలో వేశాడు.

"డాక్టర్లు ఏమేమో చెప్తారు" అన్నాడు.

అంతే. ఆయన లేచి నీళ్ళ పైపు తిప్పడానికి పోయాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. "నా తమ్ముని రక్తంలో దోషముండాదని చెప్తాండావా? మా అమ్మ ఎంతమందిని మట్టిలో పెట్టిందో నీకు తెలుసునా? ఆమెకు ఏ డాక్టరు చెప్పినాడు? ఆమె ఏడ్చి, ముఖం కడుక్కొని, మళ్ళా కన్నది" అంది. తను అన్నది తన చెవులకే వినిపించలేదు. నేను చెప్పదలచుకున్నది కూడా అదేనని ఎలా చెప్పను? కాసేపటికి ఆమె గొంతు తగ్గింది. "నన్ను బయటికి ఇచ్చినారు. ఏమయిందో నువ్వే చూసినావు గదా. నాకు ఇల్లు దొరికింది నా తమ్ముని దగ్గరే. నా కొడుకుకూ, నీ కూతురికీ ఇల్లు కావాల గదా" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

కూతురు లీవు మీద వస్తున్నానని ఫోను చేసింది. అది వచ్చిన మర్నాడు పొద్దున్నే బంధువులు ఒకరొకరుగా రావడం మొదలుపెట్టారు. నేను పొయ్యి దగ్గరున్నాను. అమ్మ లోపలికి వచ్చి, పాలు ఎక్కువ కాచమంది. ఎందుకని అడిగితే, "పూలు పెట్టేస్తాము ఈ పొద్దు" అంది. పూలు పెట్టడమంటే పిల్ల తలలో పూలు తురిమి, ఈ పిల్ల మాది అని పదిమందిలో ఖాయం చేసుకోవడం. మామకు ముందే తెలుసునట. తమ్ముడికి కూడా ఆ పొద్దునే చెప్పారట.

కూతురు స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నడింట్లో పళ్ళేలు పరిచి ఉన్నాయి. మల్లెపూలు, టెంకాయలు, కొత్త చీర. అది పళ్ళేలను చూసింది, ముసలమ్మలను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో ప్రశ్న ఉంది. నీకు తెలుసునా అని. నేను తల అడ్డంగా ఊపాను. నమ్మిందో లేదో తెలియదు. తడి తువ్వాలు భుజాన అలాగే ఉంచుకుని పెరటి దారిన తోటలోకి పోయింది. నేనూ వెనకే పోయాను.

తమ్ముడు తక్కాళి మడి గట్టు మీద కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎవరు వేయించారో. పాప వాడి ముందు నిలబడింది.

"మామా, నీకు ఇష్టమేనా? నిజం చెప్పు."

వాడు మడిలోంచి కలుపు మొక్క ఒకటి పీకాడు. "నేను నీకు సైకిలు నేర్పించినాను గదా పాపా" అన్నాడు. "నిన్ను నేను అట్లా తలచినానా? కానీ అమ్మకు ఎట్ల చెప్పేది? ఇన్ని ఇండ్లలో వద్దనిపించుకున్నాను. ఇప్పుడు నేనే వద్దంటే ఆమె ఏమయిపోతాదో."

"అయితే నేనే చెప్తాను" అంది పాప.

నడింట్లోకి వచ్చి అవ్వ ముందు కింద కూర్చుంది. అవ్వ మోకాళ్ళ మీద చెయ్యి వేసింది. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల, దుఃఖం వస్తే తమిళంలోకి పోతుంది. "వేండాం అవ్వా" అంది. వద్దు అని. "మామ నాకు మామే. ఎన్నాళ్ళయినా మామే. నన్ను విడిచిపెట్టు అవ్వా, ప్లీజ్."

అమ్మ దాని తల నిమిరింది. "అన్నీ సరిపోతాయి బిడ్డా. మీ అమ్మ కూడా ముందు ఇట్లే ఉండింది. ఇప్పుడు బాగలేదా?" అని పూలమాల చేతిలోకి తీసుకుంది.

పాప నా వైపు తిరిగింది. "చెప్పమ్మా. బాగుండావా?"

అందరూ నన్నే చూస్తున్నారు. గోడకు ఆనుకుని మామ కూడా చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నేను ఎన్నడూ చూడని బెదురు ఉంది. నన్ను పెంచిన మనిషి. నా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసిన మనిషి. లేదని అంటే ఆ పదిమందిలో ఆయన ఏమయిపోతాడు? బాగున్నానంటే నా కూతురు ఏమయిపోతుంది? నోరు తెరిచాను. మాట రాలేదు.

పాప లేచింది. బ్యాగు తెచ్చుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే తమ్ముడు బండి స్టార్టు చేశాడు. ఎవరూ వాణ్ణి పిలవలేదు, పంపలేదు. కొత్త చొక్కాతోనే దాన్ని ధర్మపురి బస్టాండు దాకా దించి, బెంగుళూరు బస్సు ఎక్కించి వచ్చాడు.

ఆ రోజు నుంచి అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. వసారాలో ఒక మూల పొయ్యి పెట్టుకుని తనకు తాను వండుకునేది. నేను తోమిన గిన్నె కూడా ముట్టుకునేది కాదు. మామ ఇద్దరి దగ్గరా తినేవాడు, ఎవరితోనూ ఏమీ అనేవాడు కాదు. అత్తతో గొడవైతే కోడలు అమ్మకు చెప్పుకుంటుంది. అమ్మతో గొడవైతే కూతురు మొగుడికి చెప్పుకుంటుంది. నేను కుట్టుమిషను ముందు కూర్చుని వీధిలోవాళ్ళ జాకెట్లు కుట్టుకుంటూ ఉండేదాన్ని. కుట్టిన కుట్టు మళ్ళీ విప్పేదాన్ని.

చివరికి పాప దగ్గరికే పోయాను. అది మరో ఇద్దరు అమ్మాయిలతో ఒక గదిలో ఉంటోంది. మూడు మంచాలు, ఒక కిటికీ. వాళ్ళు ఆఫీసుకు పోతే పగలంతా నేనొక్కదాన్నే మంచం మీద కూర్చునేదాన్ని. ఆ గదిలో చేయడానికి పనేమీ లేదు. బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేదాన్ని. ఆదివారం పాప నన్ను పార్కుకు తీసుకుపోయింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం.

"అమ్మా, ఆ రోజు నువ్వెందుకు ఏమీ చెప్పలేదు?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"చెప్పేకి వచ్చింటే చెప్పకుండా ఉంటానా?" అన్నాను.

అది నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "చిన్న ఇల్లు ఒకటి చూస్తాను. నా దగ్గర ఉండిపో. నీకూ ఒక ఇల్లు కావాల గదా, కోపం వస్తే పోయేకి" అంది.

నా కూతురి ఇల్లు నాకు పుట్టిల్లవుతుందా అని మొదటిసారి అనుకున్నాను. మిషను ఎక్కడ వేసుకోవచ్చో, కిటికీ ఎటు ఉండాలో కూడా ఆ బెంచీ మీదే ఆలోచించాను. ఇంకా ఇల్లు చూడకముందే మామ ఫోను చేశాడు. అమ్మ అన్నం మానేసిందట. వసారాలోనే పడుకుని ఉందట. "నువ్వు రాకపోతే ఆమె లేసేటట్టు లేదు" అన్నాడు. అక్క కోసం తమ్ముడు బతిమాలుతున్నాడో, పెళ్ళాం కోసం మొగుడు బతిమాలుతున్నాడో ఆ గొంతులో తేడా తెలియలేదు. నేను సంచి సర్దుకుంటుంటే పాప గోడకు ఆనుకుని నిలబడి చూసింది.

"నువ్వు ఎప్పుడూ ఇంతేనమ్మా" అంది. బస్సు దాకా వచ్చింది. కిటికీ దగ్గర నీళ్ళ సీసా అందించి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి పోయింది.

నేను చేసి పెట్టిన గంజి అమ్మ తాగింది. మాటలు కూడా కలిశాయి, పనికి కావలసినంత వరకు.

తర్వాత తమ్ముడి పెళ్ళి జరిగింది. హోసూరులో ఫ్యాక్టరీలో పని చేసే ఒక ఒడిశా మనిషి, తక్కాళి లోడుకు వచ్చే డ్రైవరు ద్వారా పరిచయమయ్యాడు. వాళ్ళ ఊళ్ళో తన పెళ్ళాం పినతల్లి కూతురు ఉందన్నాడు. మామా, తమ్ముడూ రైలెక్కి పోయి చూసి వచ్చారు. రెండోసారి పోయినప్పుడు అక్కడి గుడిలోనే తాళి కట్టించి వెంట తీసుకొచ్చారు. అమ్మ గడప దగ్గర హారతి పట్టింది. ఆ పిల్లకు కుడికాలు అన్న మాట అర్థం కాలేదు. అమ్మే వంగి, దాని కుడి పాదాన్ని చేత్తో పట్టుకుని గడప లోపల పెట్టింది.

పాపకు ఫోనులో చెప్పాను.

"ఆ అమ్మాయికి ఇష్టమేనా అమ్మా? ఎవరన్నా అడిగినారా?"

"ఏ భాషలో అడిగేది?" అన్నాను.

అమ్మ ఆ పిల్లను చెడ్డగా చూడదు. పక్కన కూర్చోబెట్టుకుని నీళ్ళు, పొయ్యి, చేట, గొడ్డు అని ఒక్కొక్కటీ చూపించి మాటలు నేర్పుతుంది. నన్ను దీదీ అని పిలిస్తే, "వదినె అను" అని దిద్దుతుంది. తలకు నూనె పెట్టి జడ వేస్తుంది. "పాపం, దీనికి ఎవరుండారు?" అంటుంది నాతో. అంగడికి మాత్రం ఒంటరిగా పంపదు. వీధి చివర తెలియని మనిషి నిలబడితే లోపలికి పిలుస్తుంది. తమ్ముడు దాని ముందు మాట్లాడబోయి, మాట దొరక్క నవ్వి, తోటలోకి పోతాడు. ఒక రోజు అది కొట్టంలో ఆవు మెడను కావలించుకుని ఏడుస్తూ కనిపించింది. నన్ను చూసి గబగబా కళ్ళు తుడుచుకుంది. నేను దగ్గరికి పోయి వీపు నిమిరాను. దాన్ని ఏమడగాలి? అడిగినా అది ఏం చెబుతుంది? చెప్పినా నేనేం చేయగలను? నా కూతురు వద్దన్న చోటికి ఇది వచ్చింది. నా కూతురు తప్పించుకున్నందుకు నాకు సంతోషం. ఆ సంతోషం ఈ పిల్ల ముఖం చూస్తే నోట్లో చేదుగా తగులుతుంది.

నిన్న పొద్దున నేను మిషను దగ్గర ఉంటే అది ఫోను పట్టుకుని వచ్చింది. తెరమీద ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది. ముక్కుకు రెండు వైపులా పుడకలు, తల మీద చెంగు. దాని అమ్మ. పిల్ల ఫోను నా చేతిలో పెట్టి పక్కకు జరిగి, మిషను మీది గుడ్డముక్కను వేళ్ళతో మడుస్తూ నిలబడింది. ఆమె నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి గబగబా మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా నాకు అర్థం కాలేదు. మధ్యలో కళ్ళు తుడుచుకుంది.

"బాగుండాది. మీ పాప బాగుండాది" అన్నాను నేను. తెలుగులో అన్నాను, తర్వాత తమిళంలో అన్నాను.

ఆమె ఆగి, నా ముఖంలోకి చూసి, ఏదో అడిగింది. నేను పలకకపోయేసరికి అదే మళ్ళీ నిదానంగా, చంటిపిల్లకు చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. నేను తల ఊపాను. దేనికి ఊపానో నాకు తెలియదు.